ఊదకూడని కొవ్వొత్తి

అవ్రామ్ బోసియోక్ నోరు విప్పడని యాగొదాకు మొదటి పది నిమిషాల్లోనే అర్థమైపోయింది. అయినా కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. ఇన్నేళ్ల ఇన్‌స్పెక్టర్ ఉద్యోగంలో ఆమె అబద్ధాలాడేవాళ్లను చూసింది, ఏడ్చేవాళ్లను చూసింది, కాళ్లావేళ్లా పడేవాళ్లనూ చూసింది. ఇలా చేతులు ఒళ్లో పెట్టుకుని, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డవాడిలా తీరుబడిగా కూర్చున్న ముసలాణ్ణి మాత్రం చూడలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకోసారి అడుగుతున్నా బాబాయ్. నిన్న సాయంత్రం స్పిరిదోన్ గారింట్లోంచి అలా ఎందుకు పరిగెత్తుకొచ్చావ్?"

"పరిగెత్తలేదమ్మా. నడిచే వచ్చాను."

"టోపీ అక్కడే వదిలేసి? జనవరి చలిలో?"

"మర్చిపోయాను. ముసలాణ్ణి కదా."

"నీ ముసలితనం నా దగ్గర అమ్మకు. నెల కిందట కూడా ద్రాక్షతోటలో నిచ్చెనెక్కి పందిరి కట్టావని ఊరంతా అంటున్నారు."

అవ్రామ్ మీసాల్లో నవ్వాడు.

సంగతి ఇంతే. నిన్న పునీత యోవాన్ పండగ. వర్షాత్స్ పట్నంలో సగం ఇళ్లకు అదే స్లావా, అంటే ఇంటిని కాచే పునీతుడి పండగ. స్పిరిదోన్ పోపాడిచ్ ఇంట్లోనూ అదే. స్పిరిదోన్ భాషా పండితుడు, భార్య పోయినవాడు, పింఛను మీద బతికేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి, చుట్టపక్కాలందరూ వెళ్లిపోయారు. ఏటా మాదిరే అవ్రామ్ ఒక్కడు మిగిలాడు, ఎందుకంటే అతను ఆ ఇంటి కుమ్. స్పిరిదోన్ కొడుక్కి జ్ఞానస్నానం చేయించినవాడు, ఆ బిడ్డకు తండ్రి తర్వాత తండ్రి. ఈ ఊళ్లో సొంత తమ్ముడితో మాటలు లేకపోయినా ఎవరూ పట్టించుకోరు. కుమ్‌తో తగువు పడ్డాడంటే మాత్రం చర్చిలో పక్కన నిలబడరు. అలాంటి కుమ్ టోపీ లేకుండా వీధిలో పడి వెళ్లడం పక్కింటి రోజాలియా చూసింది. చీకటి పడ్డాక ఆవిడ పళ్లెం తిరిగివ్వడానికి వెళితే స్పిరిదోన్ ఇనప పొయ్యి పక్కన తల పగిలి పడున్నాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఒంటిమీద స్పృహ లేదు. బతుకుతాడో లేదో డాక్టర్లకే తెలియదు.

"అంతకుముందు లోపల కేకలు వినపడ్డాయట. 'అమ్మ' అని ఒకరు, 'నాన్న' అని ఒకరు. ఏమిటా గొడవ?" యాగొదా అడిగింది.

ఈ ప్రశ్నకు మాత్రం అవ్రామ్ మొహం విచ్చుకుంది. "అదా! అది ఏటా ఉండేదే. కుమ్ అన్న మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందని మా ఇద్దరికీ తగువు. ఆయనేమో లాటిన్‌లో 'తోటి తండ్రి' అన్న మాట అరిగి అరిగి కుమ్ అయిందంటాడు. నేనేమో కాదు, 'తోటి తల్లి' అన్న మాటే అలా అయిందంటాను. మా రొమేనియన్‌లో ఇప్పటికీ కుమాత్ర అనే కదా పిలుస్తాం. ముప్పయ్యేళ్లుగా తేలలేదమ్మా. తేలిపోతే మళ్లీ ఏడు ఏం మాట్లాడుకుంటాం?"

"దాని గురించే టోపీ వదిలేసి వచ్చేశావా?"

తలుపు తోసుకుని రతోమీర్ బులాయిచ్ లోపలికొచ్చాడు. జిల్లా కేంద్రం పంపిన పోలీసు అధికారి, నిన్న రాత్రే దిగాడు. ఇస్త్రీ నలగని కోటు, నలభై నిండని వయసు, కేసు తనదేనన్న ధీమా.

"ఇంకా అయిపోలేదా మేడమ్? మధ్యాహ్నానికల్లా ఈయన్ని జడ్జి ముందు నిలబెడుతున్నా. వ్యాన్ చెప్పేశాను."

"ఏ నేరం కింద?"

"కుమ్‌ని చంపబోయిన నేరం. పేపర్లవాళ్లకు పండగే." అతను అవ్రామ్ వైపు చూశాడు. "మీ ఊరివాళ్లు ఈయన ఇంటి మీద రాళ్లేసేలోపు తీసుకుపోవడం ఈయనకే మంచిది."

ఆ మాటకు అవ్రామ్ వేళ్లు ఒక్కసారి బిగుసుకుని మళ్లీ వదులయ్యాయి. యాగొదా అది చూసింది. తప్పు చేసినవాడు జైలుకు భయపడతాడు. ఈయన ఊరికి భయపడుతున్నాడు, అయినా పెదవి విప్పడం లేదు. ఎవరినో కాస్తున్నాడు. ఎవరిని?

ఆమె వరండాలోకొచ్చేసరికి బల్ల మీద అవ్రామ్ కూతురు లీవియా కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డ కట్టిన గిన్నె. తండ్రికి క్యాబేజీ చుట్టలు తెచ్చింది. హీటర్ భగభగలాడుతోంది, పోలీసులంతా చొక్కాల చేతులు మడుచుకుని తిరుగుతున్నారు. ఆ పిల్ల చేతులకు మాత్రం ఉన్ని తొడుగులు అలాగే ఉన్నాయి.

"చలిగా ఉందా తల్లీ?"

"లేదు... అవునండీ," అంది లీవియా. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి.

యాగొదా ఇంకేమీ అడగలేదు. కోటు తగిలించుకుని స్పిరిదోన్ ఇంటికి బయల్దేరింది.

ఇంట్లో రోజాలియా పోలీసు కాపలావాడికి టీ పోస్తూ, నిన్నటి నుంచి చెబుతున్నదే మళ్లీ చెప్పింది. "దేన్నీ ముట్టుకోలేదమ్మా, ఒట్టు. నేను క్యాతలిక్‌ని, మీ పండగ బల్ల మీద చెయ్యెయ్యను. లైటేసి చూశాను, అరిచాను, అంబులెన్స్‌కి చెప్పాను. అంతే."

"కొవ్వొత్తి వెలుగుతోందా అప్పుడు?"

"లేదు. ఆరిపోయి ఉంది."

గోడకు కొట్టిన మేకుకి అవ్రామ్ గొర్రెతోలు టోపీ వేలాడుతోంది. యాగొదా దాన్ని దాటుకుని ముందు చదువుకునే గదిలోకి వెళ్లింది. గోడంతా పటం, యూరప్ పటం. దాని నిండా గుండుసూదులకు గుచ్చిన రంగు జెండాలు. ఎక్కడెక్కడ కుమ్ అన్న శబ్దం మనుషుల నోట్లో నలుగుతుందో అక్కడల్లా ఒకటి. సెర్బులకు, బల్గేరియన్లకు, ఉక్రెయిన్‌వాళ్లకు ఎర్రజెండా, అందరికీ ఒకే జ్ఞానతండ్రి. హంగేరీలో కోమా, స్లొవాకుల దగ్గర క్మోతోర్. మాట రూపం మారినా అవీ ఎరుపే. ఆ ఎర్రజెండాలన్నిటి నుంచీ స్పిరిదోన్ దారాలు రోమ్ దాకా లాగి కట్టాడు. టర్కీలో పచ్చజెండా: కుమ్ అంటే ఇసుక. పోలెండ్‌లో ఎరుపు పక్కనే చిన్న నీలం జెండా: చెరువులో కప్ప కుమ్ కుమ్ అంటుంది. రొమేనియాలో ఇంకోటి: కుమ్ అంటే 'ఎలా'. ఈ మూడింటికీ దారాలు లేవు. చూడ్డానికి ఒకే మొహం, ఇంటిపేర్లు వేరు.

రోమ్ దగ్గర అతికించిన చీటీ మీద ముసలాయన వంకర రాత: తోటి తండ్రి. కింద ఇంకో రంగు సిరాతో: అవ్రామ్ ఒప్పుకోడు, గాడిద!

యాగొదాకు నవ్వొచ్చింది. ఇలా రాసుకున్న మనిషిని ఆ గాడిద కొట్టి చంపబోయాడంటే ఆమె నమ్మలేకపోయింది. నమ్మకపోవడం సాక్ష్యం కాదు గనక పండగ బల్ల దగ్గరికి నడిచింది.

స్పిరిదోన్ పడిపోతూ బల్లగుడ్డ పట్టుకున్నట్టున్నాడు. గుడ్డ ఒక పక్కకు జారి వేలాడుతోంది. ఉడికించిన గోధుమల పళ్లెం బోర్లా పడింది. పండగ రొట్టె బల్ల అంచు దాకా జరిగింది. ఇత్తడి స్టాండుతో సహా స్లావా కొవ్వొత్తి వాలిపోయి ఆ రొట్టెకు చేరగిలబడి ఉంది. యాగొదా వంగి చూసింది. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసింది.

"ఏంటి మేడమ్, జాతకం చూస్తున్నారా?" వెనక నుంచి బులాయిచ్ గొంతు. "నా సాక్షులు వీధిలో ఉన్నారు. మీరు కొవ్వొత్తితో మాట్లాడుతున్నారు."

"ఇలా రా. మైనం ఎటు కారిందో చెప్పు."

"కిందకి. మైనం పైకి కారదుగా."

"పొద్దుట కారింది నిలువునా కిందకే. ఆఖర్న కారింది చూడు. పక్కకి, రొట్టె మీదకి. గడ్డకట్టి ఒక దొన్నె అంత అయింది. అంటే ఏమిటి? ఆయన పడి, గుడ్డ లాగి, ఇది వాలిపోయాక కూడా చాలాసేపు వెలిగింది."

"వెలిగి ఆరిపోయింది. ఐతే?"

"ఆరిపోలేదు. ఆర్పారు." ఆమె పట్టకారుతో చిన్న రొట్టెముక్క ఎత్తి చూపించింది. ముక్క ఎర్ర వైన్‌లో నాని ఎండింది, దాని మధ్యలో వత్తి నొక్కిన నల్లమచ్చ, మచ్చ చుట్టూ మైనం. "వైన్ గ్లాసు అదిగో, అటు బీరువా మీద నిలబెట్టి ఉంది. ఎవరో పడినాయన్ని దాటుకుని వెళ్లి, గ్లాసు తెచ్చి, రొట్టె ముంచి, వత్తి మీద నొక్కి, గ్లాసు మళ్లీ జాగ్రత్తగా పెట్టారు. ఉఫ్ అని ఊదితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు బులాయిచ్?"

"వేలిముద్రలు దొరక్కుండానేమో."

"మీ ఇంట్లో స్లావా చేస్తారా?"

"మా తాత కమ్యూనిస్టు పార్టీ మనిషి. మా ఇంట్లో కొవ్వొత్తి కరెంటు పోతేనే వెలిగేది," అన్నాడతను, అదేదో పతకం అయినట్టు.

"అందుకే నీకు ఇది కనపడలేదు. స్లావా కొవ్వొత్తిని ఊదరు. ఊదితే ఇంటి వెలుగును ఊదినట్టే. వైన్‌తో ఆర్పాలి, అదీ ఇంటి యజమాని ఆర్పాలి. ఆయన లేకపోతే ఆయన కొడుకు. అతిథి దాని దరిదాపులకు పోడు, కుమ్ అయినా సరే. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైపోయిన పని ఇది. ఒళ్లు తెలియనప్పుడు కూడా చెయ్యి దానంతటదే చేసేస్తుంది."

బులాయిచ్ మొహంలో మొదటిసారి ఎగతాళి తగ్గింది. "కొడుకు వుకాన్ ఈ ఇంటి గడప తొక్కి రెండేళ్లయింది. నిన్న నోవీ సాద్ నగరంలో ఉన్నానన్నాడు. ఫోన్ చేస్తే తిన్నగా ఆస్పత్రికే వచ్చాడు. తండ్రి మంచం పక్కన కుర్చీలోంచి లేవలేదు, పాపం."

"వెనక తోటలోంచి గేటుంది. అటు రోజాలియా కిటికీ లేదు."

"కొవ్వొత్తిని తీసుకెళ్లి జడ్జికి చూపిస్తే నన్ను కాదు, మిమ్మల్ని ఇంటికి పంపిస్తారు. కొడుకు తండ్రినెందుకు కొడతాడు? కారణం చెప్పండి."

కారణం ఆమె దగ్గర లేదు. అది ఒప్పుకోవడం ఆమెకు కషాయం మింగినట్టుంది. సరిగ్గా అప్పుడే బులాయిచ్ ఫోన్ మోగింది. విన్నాడు. వింటూ వింటూ నిటారుగా అయ్యాడు.

"ముసలాయనకు తెలివొచ్చింది. ఎవరు కొట్టారని డాక్టర్ అడిగితే ఒక్కటే మాటట." ఫోన్ జేబులో వేసుకున్నాడు. "అవ్రామ్."

యాగొదా స్టేషన్‌కి తిరిగొచ్చింది, వెనకే బులాయిచ్. సంచిలో కొవ్వొత్తి, రొట్టెముక్క ఉన్నాయి. తను పొరబడ్డానా అని ఒక్క క్షణం అనిపించింది. మైనం అబద్ధం చెప్పదు, మనిషి చెబుతాడు అనుకుని పళ్లు బిగించింది.

బులాయిచ్ ఆ మాట చెప్పగానే అవ్రామ్ లేచి నిలబడ్డాడు. ఆశ్చర్యపోలేదు, కోపగించుకోలేదు. "స్పిరిదోన్ బతికాడా? దేవుడున్నాడు," అని సిలువ గీసుకున్నాడు. తర్వాత కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఆయన అన్నాడుగా, నేనే. ఎక్కడ సంతకం పెట్టమంటారు?"

"కూర్చో బాబాయ్," యాగొదా బల్ల మీద రొట్టెముక్క పెట్టింది. "ఇదేంటి?"

అవ్రామ్ చూశాడు. నల్లమచ్చ చూశాడు. అప్పటిదాకా గోడలా ఉన్న మొహం కళ్ల ముందే పాలిపోయింది. "ఆర్పి... ఎప్పుడు ఆర్పారు?"

"ఆయన పడిపోయాక. రక్తం కారుతూ కింద పడున్నప్పుడు. నువ్వేగా ఆర్పింది?"

అవ్రామ్ కుర్చీలో కూలబడ్డాడు.

"కొట్టింది నువ్వేనన్నావ్. ఆర్పిందీ నువ్వేనని చెప్పు. నీ కుమ్ ఇంటి కొవ్వొత్తి మీద నీ చెయ్యేశానని చెప్పు, రాసుకుంటాను."

ముసలాయన పెదవులు కదిలాయి. "కొట్టానని రాసుకోమ్మా. ఆ కొవ్వొత్తి సంగతి మాత్రం నా పేరున రాయకు," అన్నాడు. ఆ కళ్లలో నీళ్లు చూసి బులాయిచ్ చేతిలో కలం ఆగిపోయింది.

యాగొదా విసురుగా తలుపు తీసింది. "లీవియా! చేతి తొడుగులు తియ్యి తల్లీ."

ఆ పిల్ల తండ్రి వైపు చూసి ఒక్కొక్కటే తీసింది. కుడి చేతికి పెళ్లి ఉంగరం ఉంది, కొత్తది.

"ఎవరితో?"

"వుకాన్‌తో," అంది లీవియా. చెప్పేశాక ఆమె గొంతు నిలబడింది. "మొన్న మునిసిపాలిటీలో చేసుకున్నాం. ఏ చర్చీ మాకు చెయ్యదు కదండీ. కుమ్ కూతురు చెల్లెలట. నా నోట ఎప్పుడూ అన్నా అని రాలేదు, అయినా చెల్లెలట! ఎన్నాళ్లు దాక్కుంటాం, పండగ రోజు నాన్నలిద్దరూ ఒకచోట ఉంటారు, చెప్పేస్తానని వెళ్లాడు."

కుమ్‌ల పిల్లలు తోబుట్టువుల లెక్క. వాళ్ల మధ్య పెళ్లంటే ఈ ఊళ్లో ముసలమ్మలు చెవులు మూసుకుంటారు. బులాయిచ్ అడిగిన కారణం అదిగో, ఉన్ని తొడుగు కింద ఉంది.

"నాకూ అప్పుడే తెలిసిందమ్మా," అవ్రామ్ నెమ్మదిగా అన్నాడు. "వెనక గేటులోంచి వచ్చి చెప్పాడు. స్పిరిదోన్ నా మీద విరుచుకుపడ్డాడు, నీకు తెలిసే జరిగిందా అని. నాకు తల తిరిగిపోయింది. దీన్ని నిలదీద్దామని ఇంటికి పరిగెత్తాను. ఆ ఇద్దర్నీ అలా వదిలేసి రాకూడదు. నేనుంటే వాడి చెయ్యి పట్టుకునేవాణ్ణి కదా. వాణ్ణి జ్ఞానస్నానం నీళ్లలోంచి ఎత్తుకున్నవాణ్ణి నేను. తండ్రికి కోపమొచ్చినప్పుడు అడ్డం నిలబడాల్సినవాణ్ణి నేను. నా తప్పేనమ్మా, నన్నే తీసుకెళ్లండి."

"కుదరదు," అంది యాగొదా. "బులాయిచ్, వ్యాన్ వచ్చిందిగా. జడ్జి దగ్గరికి కాదు. ఆస్పత్రికి."

అతను ఆమె వైపు ఒక క్షణం చూశాడు. ఎదురు చెప్పలేదు. బేడీలు మాత్రం అవ్రామ్ చేతులకు వేశాడు, రూలు రూలే.

ఆస్పత్రి గదిలో స్పిరిదోన్ తలకు కట్టుతో గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. పక్క కుర్చీలో వుకాన్. ముప్పయ్యేళ్ల మనిషి, పెరిగిన గడ్డం, రాత్రంతా నిద్ర లేదు. గుమ్మంలో బేడీలతో అవ్రామ్‌ని చూడగానే అతని తల వంగిపోయింది.

"స్పిరిదోన్ గారూ, మిమ్మల్ని కొట్టిందెవరు?"

"చెప్పానుగా. అవ్రామ్." గుమ్మం వైపు చూడలేదాయన.

"సరే. ఇంకో పని మిగిలిపోయింది." యాగొదా మందుల బల్ల మీద ఇత్తడి స్టాండు పెట్టింది. అందులో నిన్నటి కొవ్వొత్తి. పక్కన వంటగదిలోంచి అడిగి తెచ్చిన రొట్టెముక్క, గ్లాసులో రెండు గుక్కల ఎర్ర వైన్. అగ్గిపుల్ల గీసి వెలిగించింది. "మీ చెయ్యి పడకుండా మీ స్లావా ముగిసింది. ఇంటి యజమాని మీరు. ఆర్పండి."

ముసలాయన చెయ్యి దుప్పటి మీదే ఉండిపోయింది. లేవలేదు. కన్ను మాత్రం మంట మీద నిలిచిపోయింది.

నర్సు పరుగున వచ్చింది. "అయ్యయ్యో! ఇక్కడ మంటలేంటండీ? పెద్ద డాక్టర్ చూస్తే నా ఉద్యోగం ఊడుతుంది!" అంటూ బల్ల మీదకు వంగి బుగ్గలు పూరించింది.

"ఊదకు!"

ఇద్దరు మనుషులు ఒకేసారి అరిచారు, మంచం మీద తండ్రి, కుర్చీలోంచి కొడుకు. నర్సు బిత్తరపోయి వెనక్కి జరిగింది. వుకాన్ అప్పటికే లేచాడు. రొట్టె అందుకున్నాడు, వైన్‌లో ముంచాడు, రెండు వేళ్లతో వత్తి మీద మెత్తగా నొక్కాడు. చిన్నగా సుయ్‌మంది. పల్చటి పొగ లేచింది. గ్లాసును గోడవారగా, తగలకుండా జరిపి పెట్టాడు. అప్పుడు గాని తన చేతిని తాను చూసుకోలేదు.

బులాయిచ్ ఆ గ్లాసు వైపే చూస్తున్నాడు.

"ఒరేయ్, నువ్వు మాట్లాడకు," అన్నాడు స్పిరిదోన్. "కొట్టింది అవ్రామ్. రాసుకోండి. అవ్రామ్ ఏమీ అనుకోడు. వాడు నా కుమ్."

"చాలు నాన్నా," అన్నాడు వుకాన్. "నిన్న కూడా నేనే ఆర్పాను. 'నా కొవ్వొత్తి మీద నీ చెయ్యి పడకూడదు' అన్నావ్. తోసేశాను. నువ్వు పడ్డావ్. లేస్తావనుకుంటూ అక్కడే నిలబడిపోయాను. తర్వాత కొవ్వొత్తి ఆర్పాను. నిన్ను లేపకుండా... దాన్ని ఆర్పి వెళ్లిపోయాను." ఆ ఆఖరి మాట దగ్గర అతనికి ఏడుపు ఆగలేదు.

బులాయిచ్ అవ్రామ్ చేతుల బేడీలు విప్పాడు. వాటిని పట్టుకుని వుకాన్ దగ్గరికి వెళ్లి, ఏమనుకున్నాడో, కోటు జేబులో వేసుకున్నాడు. "పదండి," అన్నాడు మెల్లగా.

అవ్రామ్ అడ్డం వచ్చాడు. మణికట్లు రుద్దుకుంటూ వుకాన్ మోచెయ్యి పట్టుకున్నాడు. "నేనూ వస్తాను. చర్చికి మోసుకెళ్లింది నేనే. స్టేషన్‌కి ఒంటరిగా పంపిస్తానా?"

మంచం మీద నుంచి స్పిరిదోన్ పిలిచాడు. "కుమ్."

నలభై ఏళ్లు పదిహేను దేశాల్లో ఆ మాట వెతికిన మనిషి. ఇప్పుడు ఆ ఒక్కటి తప్ప ఇంకో మాట ఆయన దగ్గర లేదు.

అవ్రామ్ వెంటనే తిరగలేదు. వుకాన్‌ని గుమ్మం దాటించాడు. అక్కడ ఆగి, బోసితల మీద చెయ్యేసి తడుముకున్నాడు.

"నా టోపీ మీ ఇంట్లోనే ఉంది స్పిరిదోన్," అన్నాడు. "ఎవరికీ ఇచ్చి పంపకు. వీడి పని చూసుకుని, నేనే వచ్చి తీసుకుంటాను."